బురుజు మీది కళ్లం

ఆ ఏడు మా మిరపకాయల మీద పడిన మొదటి రక్తం మా అన్నయ్యది. ఎరుపు మీద ఎరుపు కాబట్టి అక్కడున్నవాళ్లెవరికీ కనబడలేదు. సాయంత్రం నేను కాయ తిరగేస్తుంటే అరికాలికి ఒకచోట జిగురుగా తగిలింది. వంగి చూస్తే గుప్పెడు కాయలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వాటిని ఏరి ఏట్లోకి విసిరేశాను.

మా ఊరు బురుజుపాడు. జగ్గయ్యపేట నుంచి వచ్చే ఆటోలకి అదే ఆఖరు. ఊరు దాటగానే కృష్ణ ఒడ్డున కోటబోడు అనే గుట్ట లేస్తుంది. దాని మీదికి ఒకటే దారి. ఎడమ చేతి వైపు నిలువు రాయి, కుడి చేతి వైపు లోతున నది. మనిషి వెనక మనిషి నడవాల్సిందే. ఎప్పటి దొరలో సిపాయిల్ని పెట్టడానికి పైన కోట కట్టించారు. గోడలు చాలావరకు కూలిపోయాయి. దారి లోపలికొచ్చే రాతి వాకిలి, దాని పక్కనే నదివైపు ఉన్న పెద్ద బురుజు మాత్రం నిలబడి ఉన్నాయి. బురుజు పైన రాళ్లు పరిచి సున్నంతో గట్టి చేసిన గుండ్రటి నేల ఉంటుంది. నడిమధ్య ఫిరంగిని తిప్పే ఇరుసు కోసం తొలిచిన గుంట. ఫిరంగి మా తాతల కాలానికే లేదు. ఆ గుంటలో మేం నీడకి కట్టే పట్టా గుంజ పాతుకుంటాం.

చేలో ఆరబోస్తే ఏటి మంచుకి కాయ తెల్లబడి తాలయిపోతుంది. బురుజు రాయి మీదయితే కిందనుంచీ పైనుంచీ కాగి, రంగు పోకుండా ఎండుతుంది. అందుకని మా తాత బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆ దారిన కాయ మోశాడు. తర్వాత నాన్న, బాబాయి మోశారు. అది మా కళ్లమని ఏ కాగితంలోనూ లేదు. ఊరందరికీ తెలుసు, అంతే.

ముందటేడు ఎవరో కుర్రాళ్లు ఆ దారిన నడిచి, వీడియో తీసి పెట్టారు. ఆ ఏడు శివరాత్రి వెళ్లేసరికి ఆదివారం వస్తే విజయవాడ నుంచీ హైదరాబాదు నుంచీ కార్లు. మా బాబాయి రత్నబాబు చురుకైనవాడు. రోడ్డు పక్క మా ఉమ్మడి స్థలం ఒకటుంది, మిగిలిన కాయ అక్కడ ఆరబోసుకునేవాళ్లం. దాన్ని చదును చేయించి బళ్లు పెట్టుకునే చోటు చేశాడు. టీ, ఇడ్లీ పెట్టించాడు. దారి పొడవునా రాళ్ల మీద పసుప్పచ్చ బాణాలు వేయించాడు. అట్లా ఆ ఏడు కాయంతటికీ బురుజొక్కటే మిగిలింది. అది పూర్తిగా ఎండి, కిందికి దిగి అమ్ముడైతేనే మా నాన్న సుబ్బరాయుడు మళ్లీ చేలో నాగలి పెట్టగలడు. ఈ సంగతి బాబాయికీ తెలుసు.

ఆ ఆదివారం విజయవాడ నుంచి ఓంకార్ అనే అతను పాతికమందిని వెంటేసుకుని వచ్చాడు. వాళ్లలో ఒకమ్మాయి కాయల మీద వెల్లకిలా పడుకుని చేతులు చాపింది. ఇంకొకతను బూట్లతోనే కాయల్లోకి దిగి ఫోటో తీస్తున్నాడు. మేం కాయల్లో నడిచేటప్పుడు పాదం ఎత్తం. నేలకి రాస్తూ జరుపుతాం, కాయ వేళ్ల మీదుగా తిరుగుతుంది. అతని బూట్ల కింద కాయ పటపటా విరుగుతోంది.

"లేవండమ్మా. కాయ విరుగుద్ది," అన్నాడు మా అన్నయ్య వినయ్, మర్యాదగానే.

"ఒక్క ఫోటో బ్రో."

"బ్రో లేదు, గీ లేదు. బయటికి రా ముందు."

"ఏంటి, టోన్ మారుతోంది? కోట నీ బాబుదా?"

అన్నయ్య అతని చేతిలో ఫోను లాక్కుని ఏట్లోకి విసిరాడు. అది ఎండలో మెరుస్తూ పోయింది. నీళ్లలో పడ్డ చప్పుడు వినబడనంత ఎత్తు మాది. తర్వాత ముగ్గురు ఒక్కసారిగా అన్నయ్య మీద పడ్డారు. ఒకతను నడవడానికి తెచ్చుకున్న ఇనప కర్రతో మొహం మీద అడ్డంగా కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు అచ్చం ఎండుకాయ విరిగినట్టే ఉంది.

బాబాయి పరిగెత్తుకొచ్చాడు. వాళ్లని లాగేస్తాడనుకున్నాను. అన్నయ్యని చొక్కా పట్టుకుని లేపి, ఆ చెంపా ఈ చెంపా వాయించాడు.

"వచ్చినోళ్ల మీద చెయ్యి చేసుకుంటావేంట్రా? నా నోట్లో మట్టి కొడదామనా?"

అన్నయ్య నోటినిండా రక్తంతో నవ్వాడు. "నా ముక్కు కంటే ఆ ఫోనే ఎక్కువా బాబాయ్ నీకు?"

బాబాయి ఓంకార్ వైపు తిరిగి, "సారీ అండి, కుర్రోడు," అన్నాడు.

ఆ సాయంత్రం నాయనమ్మ అన్నయ్యని పీట మీద కూర్చోబెట్టింది. ఆవిడ పేరు సత్యనారాయణమ్మ, ఊరంతా బురుజమ్మ అంటారు. గుప్పిట్లో ఎండుమిరపకాయలూ కల్లుప్పూ పెట్టుకుని తలచుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఉప్పు చిటపటలాడింది. అందరం గాలి పీల్చి చూశాం. ఎవరికీ దగ్గు రాలేదు.

"చూసారా?" అంది. "ఘాటొస్తే దిష్టి లేదని లెక్క, మన పాపమే అనుకోవాల. రాలేదంటే పరాయి కన్నే. ఊళ్లు ఊళ్ల కళ్లన్నీ పిల్లోడి మీద పడ్డాయి."

గుమ్మంలో నిలబడ్డ బాబాయి నవ్వాడు. "పొగగొట్టం కొత్తది గదమ్మా, ఘాటంతా పైకి పోయింది."

"నువ్వు నవ్వు. మీ తాతమ్మ చెప్పేది. ఏ దండో ఈ దారినే చీమల బారులాగా ఎక్కి వస్తుంటే, కోటలో మందుగుండు అయిపోయిందంట. ఆడోళ్లు మూకుళ్లలో మిరపకాయలు పోసి వాకిట్లో పొగ పెట్టారంట. వచ్చినోడు వచ్చినట్టు కళ్లు కనపడక ఏట్లో రాలాడంట."

"అప్పట్లో మిరపకాయ మన దేశంలో ఉందోలేదో."

"లేకపోతే మీ తాత పప్పులో ఏం వేసుకు తిన్నాడ్రా?"

నాన్న కూడా నవ్వాడు. ఇద్దరూ కలిసి నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. భోజనం చేస్తూ నాన్న తలెత్తకుండా అడిగాడు. "కుర్రోణ్ని కొట్టావంట."

"కొట్టా. లేకపోతే వాళ్లు కేసు పెట్టేవోళ్లు అన్నయ్యా."

నాన్న మజ్జిగ పోసుకుని తాగి, లేచి వెళ్లిపోయాడు.

వారం గడిచాక బాబాయి కొత్త మాట తెచ్చాడు. వచ్చే నెల మొదట్లో కోట పరుగు పెడుతున్నారట. కింద బళ్ల దగ్గర మొదలై బురుజు మీద ఆగుతుంది. వందలమంది వస్తారు, ఎవరో పెద్ద అతిథి జెండా ఊపుతారు. ఆ లోపు బురుజు ఖాళీ చేయాలి.

"కాయ ఇంకా పచ్చి మీదుంది," అన్నాడు నాన్న. "వాళ్లు పెట్టిన రోజుకి ఇంకో వారం దాటాకే దించుతా. అప్పటిదాకా వాళ్లనే ఆగమను."

"వాళ్లు ఆగరు అన్నయ్యా. నేను మాటిచ్చా."

"నా కాయ మీద మాటివ్వడానికి నువ్వెవడివిరా?"

"బురుజు నీ ఒక్కడిదా?"

మర్నాడు పొద్దున్నే నాన్న సమ్మెట భుజాన వేసుకుని వెళ్లాడు. నేను వెనక బుట్టతో నడుస్తున్నాను. బాణం ఉన్న ప్రతి రాయి దగ్గరా ఆగి, ఆ పసుప్పచ్చ పొడయ్యేదాకా కొట్టాడు. కోపంగా కూడా లేడు. కట్టెలు కొట్టేటప్పుడు ఎట్లా ఉంటాడో అట్లాగే ఉన్నాడు. సగం దారిలో బాబాయి ఎదురొచ్చాడు. బాబాయి సమ్మెట కర్ర పట్టుకున్నాడు, నాన్న వదల్లేదు. ఇద్దరూ నేల మీద పడ్డారు. ఆ దారి మంచమంత వెడల్పు లేదు. యాభై దాటిన మనుషులు పిల్లుల్లాగా దొర్లుతుంటే, గులకరాళ్లు ఒక్కొక్కటే అంచు మీద నుంచి జారి నదిలోకి పోతున్నాయి. నాన్న బాబాయి మొహాన్ని రాతికేసి రుద్దాడు. బాబాయి నాన్న చెవి తమ్మె కొరికి పట్టుకున్నాడు.

నేను అరిచాను. కింద బట్టలు ఉతుకుతున్న బాబాయి భార్య పుష్పవతి పిన్ని బకెట్టుతో ఎక్కి వచ్చింది. ఇద్దరి మీదా సబ్బునీళ్లు గుమ్మరించింది.

"చావండి!" అంది. "ఇద్దరూ కలిసి ఒకేసారి దూకండి. నేనూ అక్కా ఒక పొయ్యి మీదే వండుకు తింటాం!"

బాబాయి నోరు తుడుచుకున్నాడు. పళ్ల మీద నాన్న రక్తం. నాన్న చెవి తమ్మె కొస లేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ చెవి పొట్టిగానే ఉంది.

పిన్ని అన్న మాట జరగలేదు. ఆ మధ్యాహ్నమే తన గిన్నెలు ఏరుకుని, పొగగొట్టం లేని ముందుగదిలో వేరే పొయ్యి పెట్టుకుంది. అమ్మ ఏడుస్తూ తన ఉప్పుజాడీలో సగం ఉప్పు పోసి ఇచ్చింది.

"రేపు కలుస్తాం లే అక్కా," అంది పిన్ని జాడీ అందుకుంటూ. ఇద్దరిలో ఎవరూ నమ్మినట్టు లేదు.

మిరపకాయ బస్తాలకెత్తడం తెల్లవారుజామునే చేస్తారు. మంచుకి కాయ మెత్తబడి ఉంటుంది, తొక్కినా విరగదు. మిట్టమధ్యాహ్నం ముట్టుకుంటే గలగలమని విరిగి గింజంతా రాలిపోతుంది. ఇది బాబాయికి మా అందరికంటే బాగా తెలుసు. అయినా పరుగుకి మూడురోజుల ముందు, సరిగ్గా మిట్టమధ్యాహ్నం, నందిగామ నుంచి తెచ్చిన నలుగురు మనుషులతో పారలు పట్టుకుని ఎక్కి వచ్చాడు. అన్నయ్య ముక్కు చూపించుకోవడానికి నందిగామ ఆసుపత్రికి వెళ్లి ఉన్నాడు. అదీ తెలిసే వచ్చాడనుకుంటాను. నేను నాన్నకి అన్నం తీసుకెళ్లి పట్టా నీడలో విప్పుతున్నాను.

"బాబాయ్, పదిరోజులాగు," అన్నాను.

"నువ్వు పక్కకి పో ప్రసన్నా. కాళ్ల మీద పార పడుద్ది."

నాన్న అన్నం చేత్తోనే లేచి వెళ్లి కాయల మధ్య నిలబడ్డాడు. మొదటి పార కాయల్లో దిగగానే ఆ మనిషి మెడ పట్టుకున్నాడు. రెండోవాడు పార కర్రతో నాన్న మోకాలి వెనక కొట్టాడు. నాన్న కూలబడ్డాడు. మళ్లీ భుజం మీద కొట్టాడు.

"ఒంటి మీద చెయ్యెయ్యొద్దన్నానా!" అని అరిచాడు బాబాయి. మొదటి దెబ్బకి కాదు, రెండో దెబ్బ తర్వాత.

నాన్న పాకుతూ వెళ్లి కుప్ప మీద బోర్లా పడుకున్నాడు. వాళ్లు ఆయన చుట్టూ ఉన్న కాయ ఎత్తారు. బస్తాలకెత్తడం ఆలస్యమవుతోందని విసిగిపోయి, ఒకడు పారతో కాయని అంచు మీదనుంచి కిందికి తోయడం మొదలుపెట్టాడు. బాబాయి వద్దనలేదు. ఎర్రగా ధార కట్టి పడిపోయింది. కింద పుట్టిలో చేపలు పడుతున్నవాళ్లు తలలెత్తి చూశారు.

పనివాళ్లకి ఆ పని అలవాటు లేదు. విరిగిన కాయ పొడి లేచి ముక్కుల్లోకీ కళ్లల్లోకీ పోయింది. ఒకడు చేత్తో కళ్లు నులుముకున్నాడు, ఇక వాడి అరుపులు చూడాలి. కాసేపటికి పారలు అక్కడే పడేసి, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని దిగిపోయారు. మూడోవంతు కాయ పోయింది. మిగిలింది మిగిలింది.

బాబాయి వెళ్లబోతూ నాన్నని లేపడానికి చెయ్యి చాపాడు. నాన్న ఆ చేతిలో ఉమ్మాడు.

ఇంటికొచ్చాక నాయనమ్మ నాన్న మోకాలికి ఆముదం రాస్తూ అంతా విన్నది. "చూసావా పెద్దోడా," అంది. "కాయ తన్ను తానే కాచుకుంది."

నాన్న మర్నాడు పెళ్లిళ్లకి వాడే పెద్ద మూకుళ్లు రెండు అటక మీద నుంచి దించాడు.

పరుగు రోజున చీకటి విచ్చుతుండగానే నాన్న, అన్నయ్య, నేను పైన ఉన్నాం. అన్నయ్య ముక్కు మీద కట్టు. నాన్న కుంటుతున్నాడు. మూకుళ్లు రాతివాకిట్లో పెట్టి పిడకలు రాజేశారు. పక్కన రెండు బుట్టల తాలు, తొడిమలు. నాన్న పిడికెడు బూడిద తీసి గాల్లో వదిలాడు. అది మెల్లగా దారి వెంట కిందికి పోయింది. పొద్దు పొడవకముందు మా బోడు మీద గాలి నదివైపే దిగుతుంది. రాయి ఎండకి కాగాక ఏటిమీదనుంచి పైకి తిరుగుతుంది. దీనికి చదువక్కర్లేదు, కాయ ఆరబోసే ప్రతివాడికీ తెలుసు.

"ఎవర్నీ కొట్టొద్దు," అన్నాడు నాన్న అన్నయ్యతో. "దగ్గి దగ్గి వాళ్లే ఎనక్కి పోతారు. మళ్లీ ఈ దారి మొహం చూడరు."

"బాబాయి వస్తే?"

"వాడికీ ముక్కుంది గదా."

కింద మైకులో పాటలు. ఆరింటికి మొదలవ్వాల్సింది మొదలవ్వలేదు. "ముఖ్య అతిథి గారు మార్గమధ్యంలో ఉన్నారు, కొద్దిసేపట్లో చేరుకుంటారు," అని మైకు చెప్పింది. చాలాసేపటికి మళ్లీ అదే చెప్పింది. పిడకలు అయిపోతే అన్నయ్య ఇంకొన్ని వేశాడు. ఎండ ముందు అవతలి ఒడ్డు మీద పడింది, తర్వాత నీళ్ల మీద, తర్వాత మా బురుజు పాదం మీద. నాన్న రెండుసార్లు లేచి కిందికి చూశాడు. మూడోసారి ఈల వినబడింది.

అందరూ ఒకే పసుప్పచ్చ చొక్కాల్లో ఉన్నారు. పరుగు వాళ్లు పంచిన చొక్కాలవి. పైనుంచి చూస్తే మలుపు దాకా దారి మీద పసుపుతాడు పేనినట్టుంది. నాన్న బుట్ట ఎత్తి మూకుట్లో గుమ్మరించాడు. అన్నయ్య రెండోది గుమ్మరించాడు.

పొగ ముందు కిందికే పోయింది. మొదట దగ్గు వినబడింది, తర్వాత కేకలు. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగారు, వెనకున్నవాళ్లకి ఎందుకో తెలియక ఇంకా ఎక్కుతున్నారు. ఒకావిడ పడిపోయింది. ఆవిడ చేతిమీద ఎవరో తొక్కారు. నీళ్ల సీసాలు దొర్లి నదిలో పడుతున్నాయి. ఒకతను గుడ్డివాడిలాగా రాతిని తడుముతూ కూర్చుండిపోయాడు. కళ్లు మూసుకుని "అమ్మా అమ్మా" అంటున్నాడు.

"రండ్రా! ఫోటోలు దిగండ్రా!" అని అరుస్తున్నాడు అన్నయ్య.

నా వెనక పట్టా చెంగు టపటపమంది. తిరిగి చూశాను. అప్పటిదాకా నదివైపు వేలాడుతున్న చెంగు కోటవైపు కొట్టుకుంటోంది.

"నాన్నా, గాలి!"

ఆయన కూడా చూశాడు. అప్పటికే పొగ వాకిట్లో గోడలాగా నిలబడి, మా మీదికి ఒరిగింది.

నేను గుంజ మొదట్లో బోర్లా పడి, అన్నం మూట గుడ్డ నీళ్లలో ముంచి మొహానికి అదుముకున్నాను. నేల దగ్గర జానెడు మేర పొగ పలచగా ఉంది. కన్నీళ్లలోంచి ఆ జానెడూ కనబడుతోంది. మనుషులు లేరు, పాదాలే ఉన్నాయి. అన్నయ్య చెప్పులు అటూ ఇటూ తిరిగి, మోకాళ్లు కూడా నేలకి తగిలాయి. నాన్న కాళ్లు, ఒకటి ఈడుస్తూ, బురుజు అంచువైపు గాలి కోసం వెళ్లాయి.

వాకిట్లో మూకుడు ఒకటి తన్నేసిన చప్పుడైంది. నిప్పులు దొర్లాయి. ఎవరో లోపలికొచ్చారు.

"ఎవడ్రా?" అన్నాడు నాన్న. జవాబుగా దగ్గు వచ్చింది.

ఆ వచ్చిన కాళ్లకి బూట్లు లేవు. కుడికాలి బొటనవేలికి గోరు లేదు. ఎద్దు తొక్కితే పోయిందది, నేను పుట్టకముందు. ఆ దారిన బాబాయి ఎప్పుడూ చెప్పులేసుకుని ఎక్కడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని, "ఏటివైపు చూడబాక, నా జుట్టు పట్టుకో" అని మొదటిసారి పైకి తెచ్చింది ఆ కాళ్లే.

"నాన్నా, బాబాయి!" అనబోయాను. నోరు తెరవగానే పొగ నిండిపోయింది. దగ్గు తప్ప ఏమీ రాలేదు.

రెండు జతల పాదాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. నాన్న కళ్లకి ఆ పొగలో బాబాయి ఒంటి మీది పరుగు చొక్కా పసుప్పచ్చ రంగు తప్ప ఏం కనబడి ఉంటుంది? ఆయన పాదాలు నేలకి తన్ని పెట్టి ముందుకు జరిగాయి. గోరులేని పాదం వెనక్కి పడింది, కాయల మీద. ఎండిన కాయ కింద రాయి ఉంటే పాదం ఆగదు. జారింది. రెండోదీ జారింది.

తర్వాత ఒక జతే ఉంది.

"పొండ్రా!" అంటున్నాడు నాన్న దగ్గుతూ. "అందరూ దిగిపొండ్రా!"

పొగ పలచబడేసరికి కింద దారి మీద నుంచి ఎవరో ఆడమనిషి అరిచింది. "రత్నబాబు! అయ్యో, రత్నబాబురా పడింది!"

నాన్న అంచు దాకా వెళ్లి కిందికి చూశాడు. బాబాయి దారి మీది బండ మీద పడి ఉన్నాడు, నడుం కింద నుంచి కాళ్లు ఇంకెవరివో అన్నట్టు పక్కకి తిరిగి. నాన్న కాయల్లో కూర్చుండిపోయాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతులనిండా కారమే. మండుతుందని తెలిసే తీయలేదు.

బాబాయి బతికాడు. విజయవాడలో వెన్నుకి ఆపరేషన్ చేసి, కాళ్లు రావని చెప్పి పంపించారు. పోలీసులు అడిగితే, పొగలో ఏమీ కనబడలేదన్నాడు, అంతే. పిన్ని మాత్రం చెవి కొరుకుడు దగ్గర్నుంచి పారల దాకా, మూకుళ్ల దాకా, తన మొగుడి తప్పులు కూడా దాచకుండా అంతా చెప్పింది. నాన్న అంతకుముందే తనంతట తాను స్టేషనుకి వెళ్లి కూర్చున్నాడు. నందిగామ సబ్‌జైలులో పెట్టారు.

బురుజు మీదికి ఎవరూ వెళ్లలేదు. వేసవి వాన ఒకటి పడి, మిగిలిన కాయంతా నల్లబడి బూజు పట్టింది. దారికి అడ్డంగా కట్టిన తాడుని కొన్నాళ్లకి ఎవరో విప్పేశారు. మళ్లీ కార్లు వస్తున్నాయి. కొందరు మా గుమ్మం ముందు ఆగి, మనిషి పడింది ఎక్కడండీ అని అడుగుతారు.

వాయిదా రోజుల్లో నేను బస్సెక్కి నందిగామ కోర్టుకి వెళ్లేదాన్ని. నాన్నని లోపలికి తీసుకెళ్లేముందు కాసేపు మాట్లాడనిచ్చేవాళ్లు.

"వాడు నా గురించి ఏమన్నా అన్నాడా?"

"అన్లేదు నాన్నా."

"ఎట్టా ఉన్నాడు?"

"దగ్గలేకపోతున్నాడు. పడుకుని ఉంటే కఫం గొంతులో ఆగిపోతంది. పిన్ని వీపు కింద చెయ్యి పెట్టి లేపితేనే దగ్గు వస్తది. లేపకపోతే ఊపిరాడదంట, డాక్టరు చెప్పాడు."

నాన్న కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "ఏ చెయ్యి పెడతది?" అని అడిగాడు. ఎందుకడిగాడో నాకు తెలియలేదు. కుడిచెయ్యి అని చెప్పాను.

తొలకరి ముందు బెయిలొచ్చింది. అన్నయ్య తీసుకొచ్చాడు. నాన్న గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంటే, పిన్ని ముందుగదిలోంచి రాగిచెంబు విసిరింది. అది నాన్న కనుబొమ్మ మీద తగిలి చర్మం చిట్లింది. నాన్న తప్పుకోలేదు, తుడుచుకోలేదు.

"ఇంకోటుంది, విసరనా?" అంది పిన్ని.

"విసురమ్మా," అన్నాడు నాన్న.

పిన్ని చెయ్యి దించి గోడకానుకుంది.

అప్పుడు నాయనమ్మ లేచింది. "ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. ఈ ఇంటి మీద ఎవరి కన్నో పడింది. దిష్టి తీస్తా."

"తీయండత్తయ్యా," అంది పిన్ని. "ఎవరి కన్నో నేనూ చూస్తా."

బాబాయి మంచం ముందుగదిలోనే ఉంది, పిన్ని పొయ్యికి ఎదురుగా. నాన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాయనమ్మ మిరపకాయలు అడిగింది. ఇంట్లో ఉన్నవి బురుజు మీదివే, మొదట్లో ఇంటివాడకానికి నేను డబ్బాలో పోసి ఉంచినవి. గుప్పెడు తీసి, కల్లుప్పు కలిపి ఇచ్చాను. ఆవిడ ఇద్దరి తలల చుట్టూ కలిపి తిప్పింది. పెద్దోడు, చిన్నోడు అని పేరుపెట్టి ముమ్మారు అనుకుంది. పొయ్యిలో పడేసింది.

అందరం మళ్లీ గాలి పీల్చి చూశాం. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఉప్పు చిటపటలాడింది.

తర్వాత ఘాటొచ్చింది. గది నిండిపోయింది. ముందు అమ్మ దగ్గింది, తర్వాత అన్నయ్య, తర్వాత నేను. పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడని తడుముతోంది. మంచం మీద బాబాయి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, దగ్గు మాత్రం బయటికి రావడం లేదు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. మొహం నల్లబడుతోంది. పిన్నికి కళ్లు కనబడటం లేదు. "ఏమయ్యా, ఏమయ్యా" అంటోంది.

నాన్న దగ్గుతూనే మోకాళ్ల మీద లేచి, బాబాయి వీపు కిందికి కుడిచెయ్యి దూర్చి పైకి లేపాడు. బాబాయి తల నాన్న భుజం మీద పడింది. దగ్గు వచ్చింది. ఒకటి, ఇంకోటి, ఆగకుండా. నాన్న కనుబొమ్మ మీది రక్తం కారి బాబాయి బనీను మీద పడుతోంది.

నాయనమ్మ పొయ్యి దగ్గర నిలబడి నిప్పుల్లోకి చూస్తోంది. ఆవిడ కళ్లు కూడా కారుతున్నాయి.

"ఘాటొచ్చిందేందే ప్రసన్నా?" అంది, ఏదో పొరపాటు జరిగినట్టు.

నేను లేచి వెళ్లి వీధి తలుపులు రెండూ తెరిచాను. ఏటిగాలి లోపలికొచ్చింది. పొగ పోయాక తిరిగి చూస్తే, నాన్న చెయ్యి ఇంకా బాబాయి వీపు కిందే ఉంది.